మూడు పైసలు

రాజమల్లు మామ పోయాక నా వాటాకు వచ్చింది
ఒక ఫోనియం, దాని గోనెసంచి,
గుండీలు ఊడిన ఎర్ర బనాతు కోటు.
"లండన్ సరుకు బిడ్డా, నిజాం జమానాది,
అమ్మితే రెండు తులాలొస్తయ్" అనేవాడు.
అమ్మలేదు. తాకట్టు పెట్టేవాడు,
ముహూర్తాల్లేని ప్రతి ఆషాఢంలో.
శ్రావణానికి విడిపించేవాడు.

బేగంబజార్‌లో ఘేవర్‌చంద్
దాన్ని కాటాలో పడుకోబెట్టాడు.
మూడు కిలోల నాలుగు వందలు.
"అతుకుల సీసం తీసేస్తే మూడు."
ఇత్తడి ధర గోడ మీద సుద్దతో రాసుంది,
పొద్దున ఒకటి, అది కొట్టేసి మధ్యాహ్నం ఇంకొకటి.
కింద కుప్పగా బిందెలు, చెంబులు,
పేర్లు చెక్కిన పళ్ళేలు.
ఆ పేర్లు చదువుతూ నిలబడిపోయాను
కాస్త ఎక్కువసేపే.

జూబ్లీహిల్స్ కాఫీ హోటల్ పిల్లవాడు
ఫోటో చూసి ఎనిమిది వేలన్నాడు.
లోపల బల్బు పెడతాడట.
"తోమకండి ఆంటీ, చింతపండు అస్సలు తగలనివ్వకండి,
సొట్టలకే డబ్బు."
ఒక సొట్ట పుత్లీబౌలిలో పెళ్ళికొడుకు గుర్రం తన్నింది.
ఒకటి అత్త విసిరేస్తే పడింది,
ఎందుకు విసిరిందో మా ఇంట్లో ఎవరూ చెప్పరు.

జుమ్మెరాత్ బజార్ సందులో ఖుద్దూస్ సాబ్
కళ్ళద్దాలు నుదుటి మీదకు నెట్టి
గోరుతో మురికి గీకాడు.
అంచున లండన్ తేలింది.
చివరి ఎన్ తిరగబడి ఉంది,
అద్దంలో చూసుకుంటున్నట్టు.
ఆయన నవ్వలేదు. "మీరట్" అన్నాడు.
"నంబరుంది కదా" అన్నాను,
మూడు రోజులుగా చీటీ మీద రాసుకు తిరుగుతున్నదాన్ని.
"నలభై ఒక్క వేల ఏడొందల ఆరేనా?"
చీటీ చూడకుండానే అడిగాడు.
"గీ నంబరుతోని పదకొండు బాజాలు
నా చేతుల మీదుంచి పోయినయమ్మా.
అసలుది యాడ్నో ఒక్కటుంటది.
దాని ముద్రనే అన్నిటి మీద."

వయసన్నా చెప్పమన్నాను.
చూసి చెప్పడానికి ఇది ఎద్దా, పళ్ళుంటాయా అన్నాడు.
అని, మూతి పెట్టే చోటు నా వైపు తిప్పాడు.
వెండిపూత ఎడమ పక్కే అరిగింది.
మామకు ఎడమ ముందుపన్ను లేదు.
ఇంత అరగాలంటే ఎన్ని సీజన్లు ఊదాలో
వేళ్ళ మీద లెక్కపెట్టబోయి
మధ్యలో ఆపేశాడు.

తర్వాత ఊపాడు. గలగల.
చిన్నప్పట్నుంచీ ఎరుగుదును ఆ చప్పుడు.
మామ రావడం కంటే ముందే
గల్లీ మలుపులో వినబడేది.
"దీనికి దూపైతుంది, గుటకలేస్తుంది" అనేవాడు.
ఖుద్దూస్ గొట్టం వేడిచేశాడు, విప్పాడు,
తట్టాడు, నీళ్ళు పోశాడు.
నల్లటి నీళ్ళు.
ఎవరి పెళ్ళివో నాలుగు తలంబ్రాల గింజలు.
ఆరు మూలల అల్యూమినియం బిళ్ళ,
మూడు పైసలు, పంతొమ్మిది వందల అరవై ఆరు.

"అయితే అరవై ఆరన్నమాట!" నేను దాదాపు అరిచాను.
"పైసల వయసు పైసలదే అమ్మా.
బరాత్‌ల ఎవలో ఎగరేసిండ్రు. ఎప్పుడో."
గొట్టం బిగించి ఒక్కసారి ఊదాడు.
నిఖార్సైన స్వరం. ఎక్కడా గరగర లేదు.
ఎవరిదో ఫోనియంలా ఉంది.

మళ్ళీ వేసెయ్యమన్నాను.
ఆయన బిళ్ళను చూశాడు, నన్ను చూశాడు.
తీసినందుకు నూట యాభై, వేసినందుకు యాభై.
రసీదు మీద మరమ్మతు అని రాశాడు.

అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కాను.
"నీకైతే జీరో టికెట్టు, దీనికేం కొట్టాలె?"
కండక్టరమ్మ కాసేపు ఆలోచించింది.
"ఎంత పాతది?"
"తెలవదు" అన్నాను.
సంచిలో ఎనిమిది వేల ఫోను రెండోసారి మోగింది.
చాదర్‌ఘాట్ దగ్గర బస్సు గుంతలో పడింది.
ఒళ్ళో అది గుటక వేసింది.